ఇరుసును ‘అతను’ అన్నందుకు

ఉపన్యాసం బాగా లేకపోతే జనం ఆవులిస్తారు, సెల్‌ఫోన్లు చూసుకుంటారు, మరీ విసుగొస్తే మెల్లగా వెళ్ళి చెప్పులు వెతుక్కుంటారు. నా ఉపన్యాసంలో అలాంటివేమీ జరగలేదు. హాలు హాలంతా ఊపిరి బిగబట్టి విన్నది. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. అంత గొప్పగా మాట్లాడాక కూడా, పోలీసుల్ని పిలవాలా వద్దా అని జనం ఆలోచించిన వక్త ఈ నగరంలో బహుశా నేనొక్కదాన్నే. ఎలా సాధించానో చెబుతాను. మీరు హాయిగా నవ్వుకోవచ్చు, నేనేమీ అనుకోను. ఆ రోజు అక్కడ కూర్చున్నవాళ్ళు నవ్విన నవ్వు ముందు మీది ఏ మూలకీ రాదు. ఆ నవ్వుకు నేను ఈరోజుకీ కృతజ్ఞురాలినే.

నేను లోహాల మీద పరిశోధన చేస్తాను. మెటీరియల్స్ సైంటిస్టు అంటారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ మాట గర్వంగా చెబితే, చిక్కడపల్లిలో మా ఎదురింటావిడ లోపలికి వెళ్ళి రెండు చుడీదారు గుడ్డలు తెచ్చి, వీటిలో ఏ మెటీరియల్ ఉతికితే ముడుచుకుపోకుండా ఉంటుందమ్మా అని అడిగింది. తప్పు ఆవిడది కాదు, మాది. మేం మా ల్యాబుల్లో కూర్చుని ఇంగ్లిషులో ఒకరికొకరం చెప్పుకుంటుంటే ఆవిడకెలా తెలుస్తుంది? ఇంజనీరింగును జనం దగ్గరికి తీసుకెళ్ళాలని, అదీ తెలుగులోనే తీసుకెళ్ళాలని ఆ క్షణాన నిర్ణయించుకున్నాను. అప్పుడు నా వయసు తక్కువ, ఆవేశం ఎక్కువ. జనం నా కోసం ఎదురుచూస్తున్నారని నిజంగానే నమ్మాను.

జనం ఎదురుచూడటం లేదని మొదటి ఉపన్యాసంలోనే తెలిసింది. చిక్కడపల్లిలో ఒక చిన్న హాలు తీసుకుని ‘లోహాల యాంత్రిక ధర్మాలు’ అని బోర్డు పెట్టించాను. అమ్మా నాన్నా వచ్చారు. మొహమాటానికి ల్యాబ్ నుంచి ఇద్దరు వచ్చారు. హాలుకు తాళం వేయాల్సిన వాచ్‌మన్ ఎటూ వెళ్ళలేక ఉన్నాడు. ఎండలో నడవలేక ఫ్యాను కోసం ఒక పెద్దాయన లోపలికొచ్చి కూర్చున్నారు. నేను తెలుగు పాఠ్యపుస్తకాల్లోంచి ఏరి తెచ్చుకున్న పదాలతో ప్రతిబలం అన్నాను, వికృతి అన్నాను. ఆ పెద్దాయన అంతా శ్రద్ధగా విని, చివర్లో చెయ్యెత్తారు.

“తారాబలం తెలుసు, చంద్రబలం తెలుసు. ఈ ప్రతిబలం ఏ పంచాంగంలో ఉందమ్మా?”

ఇంటికొచ్చి రెండు రోజులు బాధపడి, తప్పంతా పదాలదేనని తేల్చుకున్నాను. ప్రతిబలం అంటే ఎవరికి అర్థమవుతుంది? ఒత్తిడి అనాలి. ఒక లోహపు ముక్క మీద చిన్న చిన్న బరువులే మళ్ళీ మళ్ళీ పడుతుంటే అది కొన్నాళ్ళకు నీరసించి విరిగిపోతుంది. దాన్ని మేం ఫెటీగ్ అంటాం. తెలుగులో అలసట అనాలి. విరిగిపోవడాన్ని ఫెయిల్యూర్ అంటాం. వైఫల్యం అనాలి. మూడూ చక్కటి మాటలు, ఎవరికైనా తెలిసే మాటలు. ఇక ‘లోహం’ అన్న మాటే మనుషుల్ని భయపెట్టి పారిపోయేలా చేస్తోందని నాకు గట్టిగా అనిపించింది. కాబట్టి దాన్ని పూర్తిగా తీసేశాను.

ఇది చాలదన్నట్టు, ఉపన్యాసం ఎలా ఇవ్వాలో చెప్పే వీడియోలు వరసపెట్టి చూశాను. విషయం మొదటే చెప్పేయకూడదట. కథలా చెప్పాలట. ఒక కథానాయకుడు ఉండాలట, అతని కష్టం మన కష్టం అనిపించాలట, అతనెవరో చివరి నిమిషంలో మాత్రమే బయటపెట్టాలట. నా కథానాయకుడు అప్పటికే నా బల్ల సొరుగులో ఉన్నాడు. అది మా నాన్న పాత స్కూటరు వెనక చక్రం ఇరుసు. నారాయణగూడ చౌరస్తాలో ఒకరోజు రెండు ముక్కలైతే, నాన్న దాన్ని ముచ్చటగా నాకు తెచ్చి ఇచ్చారు. కొందరు తండ్రులు కూతుళ్ళకు మల్లెపూలు తెస్తారు. మా నాన్న విరిగిన ఇరుసు తెచ్చారు. ఆయనకు నా మీద ఉన్న ప్రేమ అలాంటిది.

హాలు కూడా సిద్ధంగానే దొరికింది. అశోక్ నగర్‌లో పుస్తకాల షాపు పైన నర్సింహన్న ఒక రీడింగ్ రూమ్ నడుపుతాడు. ఊళ్ళ నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉంటూ ప్రభుత్వ ఉద్యోగాల పరీక్షలకు చదువుకునే పిల్లలు పొద్దుట్నుంచి రాత్రిదాకా అక్కడే కూర్చుంటారు. నేను పాత పుస్తకాలకు తరచూ ఆయన దగ్గరికి వెళ్ళేదాన్ని. నా సంగతి విని, జనరల్ సైన్సు పిల్లలకు పనికొస్తదని, ఆదివారం మధ్యాహ్నం హాలు వాడుకోమని తనే అన్నాడు. పోస్టరు మాత్రం నేనే తయారుచేయించాను. పైన పెద్ద అక్షరాలతో ‘ఒత్తిడి, అలసట, వైఫల్యం’. దాని కింద ‘డాక్టర్ పద్మజ గారితో ఒక మధ్యాహ్నం’. స్నేహంగా ఉంటుందని ఇంకా కింద ‘రండి, మాట్లాడుకుందాం’ అని కూడా రాయించాను.

నాన్న ఆ పోస్టరును కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివారు.

“ఇందులో లోహం అన్న మాట లేదేంటమ్మా?”

“అదే రహస్యం నాన్నా. చివర్లో చెబుతాను.”

“ఈలోగా వాళ్ళేం అనుకుంటారు?”

జవాబు లేనప్పుడు పెద్దవాళ్ళతో అనే మాటే అన్నాను, ఈ కాలపు పద్ధతులు మీకు తెలియవని. నాన్న జీవితమంతా ఒక ఆఫీసులో ఇతరుల లెక్కల్లో తప్పులు పట్టి రిటైరైన మనిషి. నా లెక్కలో తప్పు కూడా పట్టారు. నేనే వినలేదంతే.

ఆదివారం అశోక్ నగర్ చేరి మెట్లెక్కుతుంటే నా గుండె ఆగినంత పనైంది. మెట్ల మీదే చోటు లేదు. హాల్లో కుర్చీలు నిండిపోయి, నేల నిండిపోయి, కిటికీ గట్ల మీద కూడా కూర్చున్నారు. హాస్టళ్ళ నుంచి అమ్మాయిలు గుంపులు గుంపులుగా వచ్చి గోడల వెంట నిలబడ్డారు. సైన్సు మీద తెలంగాణ పల్లెల బిడ్డలకు ఇంత ఆకలి ఉందని ఎవరూ గుర్తించలేదే అని నా కళ్ళు చెమ్మగిల్లాయి. నర్సింహన్న కూడా ఆశ్చర్యపోయి, కరెంట్ అఫైర్స్ క్లాసుకు కూడా ఇంతమంది రారు మేడమ్ అన్నాడు. నాన్నను ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆయన పక్కన ఒక అమ్మాయి ఒళ్ళో నోట్సు పెట్టుకుని, పెన్ను మూత తీసి, నా నోట్లోంచి ఏం రాలుతుందా అని చూస్తోంది. తర్వాత తెలిసింది, పేరు స్వప్న అని, జనగామ దగ్గర పల్లె అని.

నేను మైకు పట్టుకున్నాను. వీడియోలో చెప్పినట్టే కాసేపు మౌనంగా అందరి కళ్ళలోకి చూసి మొదలుపెట్టాను.

“మీకు ఒకరి కథ చెబుతాను. పేరు చెప్పను. అతను మన మధ్యే ఉండేవాడు. రోజూ పొద్దున్నే బయల్దేరేవాడు. అందరి బరువూ తన మీదే. ఏనాడూ ఎవరితోనూ చెప్పుకోలేదు.”

హాలు నిశ్శబ్దమైపోయింది. నేను ఊపందుకున్నాను. ఒత్తిడి పెరిగేకొద్దీ వంగడం పెరుగుతుందని చెప్పాను. ఒక హద్దు ఉంటుందని, ఆ హద్దులోపల ఎంత వంచినా బరువు దించగానే మళ్ళీ మామూలైపోతాడని, హద్దు దాటి వంగాడా, ఇక ఎప్పటికీ ముందులా కాలేడని చెప్పాను. గోడ దగ్గర ఒక అమ్మాయి పక్కనున్న అమ్మాయి చెయ్యి గట్టిగా పట్టుకుంది. అతని మీద ఒక్కసారిగా పెద్ద బరువేదీ పడలేదని, రోజూ పడేది చిన్నదేనని, కానీ మళ్ళీ అదే, మళ్ళీ అదే పడుతూ వచ్చిందని చెప్పాను. బయటికి నిగనిగలాడుతూ కనిపించేవాడని, లోపల మాత్రం సన్నటి చీలిక మొదలైందని, అది ఇంట్లోవాళ్ళకు కూడా తెలియలేదని చెప్పాను.

“కరెక్ట్ మేడమ్” అని వెనక నుంచి ఎవరో బొంగురు గొంతుతో అన్నారు.

లోహంలో చీలిక ఎలా మొదలవుతుందన్న సంగతి మీద నేను పెద్ద పెద్ద సదస్సుల్లో మాట్లాడాను. ఎవరూ గొంతు బొంగురుపోయేలా ఏకీభవించలేదు. నా పక్కన మంచినీళ్ళ గ్లాసు ఉన్నా ముట్టుకోలేదు. అలాంటి ఘట్టంలో వక్త నీళ్ళు తాగుతుందా?

“ఒకరోజు నారాయణగూడ చౌరస్తాలో, ఎర్ర లైటు దగ్గర, పట్టపగలు, అందరి ముందూ విరిగిపోయాడు.”

స్వప్న పెన్ను కింద పెట్టింది. ఒకబ్బాయి తల వంచుకుని చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు. నేను ఇంత బాగా మాట్లాడగలనని నాకే ఎందుకు తెలియలేదు అనుకుంటూ అసలు భాగంలోకి దిగాను.

“మేం అతన్ని మా ల్యాబ్‌కు తెచ్చుకున్నాం. అడ్డంగా కోశాం. కోసినచోట అద్దంలా అయ్యేదాకా నున్నగా అరగదీశాం. కాస్త యాసిడ్ పూసి మైక్రోస్కోపు కింద పెట్టాం. ఎంత అందంగా ఉందో మాటల్లో చెప్పలేను.”

ఈసారి వచ్చిన నిశ్శబ్దం వేరే రకం. గోడ మీద వాటర్ ప్యూరిఫయర్ ఒక్కటే గురగురమంటోంది. మెచ్చుకోలు ఎక్కువైతే మనుషులు కదలలేరనుకుని నేను చిరునవ్వుతో నిలబడ్డాను. అప్పుడు స్వప్న లేచింది. ముఖం పాలిపోయి ఉంది.

“మేడమ్, ఆయనను కొయ్యనీకి ఇంటోళ్ళు ఒప్పుకున్నరా?”

మంచి ప్రశ్న అనుకున్నాను. పరీక్షకు వచ్చిన ముక్క ఎవరి సొత్తు, వాళ్ళ అనుమతి ఉందా అని అడగడం పద్ధతి తెలిసినవాళ్ళ లక్షణం.

“ఒప్పుకోవడమేమిటి, మా నాన్నగారే స్వయంగా తెచ్చి నా చేతిలో పెట్టారు. విరిగిపోయాక ఇంట్లో ఉంచుకుని ఏం చేసుకుంటాం అన్నారు. ఇదిగో, మీ పక్కనే ఉన్నారు.”

హాల్లో ఉన్న తలలన్నీ ఒక్కసారిగా నాన్న వైపు తిరిగాయి. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చిన మనిషి, కాస్త కునుకులో ఉన్నట్టున్నారు. తన ప్రస్తావన వచ్చిందని మాత్రం గ్రహించి, మర్యాదగా లేచి నాలుగు వైపులా తిరిగి నమస్కారం పెట్టారు.

స్వప్న ఒక అడుగు వెనక్కి వేసింది. గొంతు బాగా తగ్గించి నన్ను అడిగింది.

“అంటే, మీ సొంత తమ్ముడా మేడమ్?”

నాకు తమ్ముడు లేడు. ఈ ముక్క చెబుదామని నోరు తెరిచాను కానీ, తమ్ముడి ఊసు ఎందుకొచ్చిందో అర్థం కాక నోరు అలాగే ఉండిపోయింది. ఈలోగా వెనక వరసలోంచి పొడుగాటి అబ్బాయి ఒకడు లేచి నాన్ననే నిలదీశాడు.

“పెద్దాయనా, గట్లెట్ల ఇచ్చినవ్? మనసెట్లొచ్చింది?”

“చాలా ఏళ్ళు పనిచేసింది బాబూ” అన్నారు నాన్న నెమ్మదిగా. “ఇంక పనికిరాదన్నారు. కొత్తది వేయించుకున్నాను.”

“కొత్తదేంది?”

“ఇరుసయ్యా. స్కూటరు ఇరుసు. అమ్మాయి ఇంకా చెప్పలేదా?”

అమ్మాయి ఇంకా చెప్పలేదు. అమ్మాయి సంచీలోంచి జేబురుమాలు మూట తీసి, విప్పి, రెండు ఇనప ముక్కలు ఎత్తి పట్టుకుంది. అందరూ ఆ ముక్కల్ని చూశారు, నన్ను చూశారు, మళ్ళీ ముక్కల్ని చూశారు. మొదట స్వప్న నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ చెయ్యి నవ్వును ఆపలేకపోయింది. ఆ తర్వాత హాలు ఒక్కసారిగా పగిలింది. మిద్దె మీద నీళ్ళ ట్యాంకు బద్దలైతే ఎటు చూసినా నీళ్ళే అయినట్టు, ఎటు చూసినా నవ్వే. నేల మీద కూర్చున్నవాళ్ళు ఒకరి మీద ఒకరు పడిపోయారు. కిటికీ గట్టు మీద ఉన్నవాణ్ణి పడిపోకుండా ఇద్దరు పట్టుకున్నారు. నర్సింహన్న గోడకు ఆనుకుని కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఏం జరిగిందో తెలియకపోయినా, అందరూ సంతోషంగా ఉన్నారని నాన్న కూడా నవ్వారు.

నవ్వు కాస్త తగ్గాక, నిలదీసిన ఆ పొడుగాటి అబ్బాయే నాకు విషయం చెప్పాడు. యాసిడ్ మాట దగ్గరే పోలీసుల్ని పిలుద్దామా అని వెనక వరసలో గుసగుసలు మొదలయ్యాయట. అంతకు ముందు వారమే ఏదో పరీక్ష ఫలితాలు వచ్చాయట. హాల్లో ఉన్న చాలామంది పేర్లు అందులో లేవట. చాయ్ బండి పక్క గోడ మీద నా పోస్టరు కనిపించిందట.

“ఒత్తిడి, అలసట, వైఫల్యం. మూడూ మాయే అనుకున్నం మేడమ్. డాక్టరమ్మ వచ్చి ధైర్యం జెప్తదని వచ్చినం.”

అప్పుడు గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. ధైర్యం కోసం వచ్చిన పిల్లలకు, ఒకసారి హద్దు దాటి వంగితే ఇక ముందులా కాలేరని గంటసేపు రసవత్తరంగా చెప్పాను నేను. నేను ఆ రకం డాక్టర్‌ని కాదని, పరిశోధన చేసినందుకు ఇచ్చిన పట్టం అదని, నాకు తెలిసింది ఇనుము గురించేనని, పోస్టరు తప్పు పూర్తిగా నాదేనని చెప్పి, క్షమించమని అడిగాను. ఎవరి పనులు వాళ్ళు చూసుకోవచ్చన్నాను. ఇరుసు ముక్కలు మళ్ళీ మూట కట్టడం మొదలుపెట్టాను.

ఒక్కరూ లేవలేదు.

“కత సగంల ఆగింది మేడమ్” అన్నాడు నర్సింహన్న. “జర పూర్తి చెయ్యున్రి. అసలు ఎందుకిరిగింది?”

అప్పుడు చెప్పాను. ఈసారి మైకు లేకుండా, వీడియోలు లేకుండా, ఎదురింటావిడకు చెప్పినట్టు చెప్పాను. ముక్కలు రెండూ చేతులు మారుతూ హాలంతా తిరిగాయి. సముద్రం వెనక్కి వెళ్ళినప్పుడు ఇసుకలో సన్నటి గీతలు మిగులుతాయి కదా, విరిగిన చోట అలాంటి గీతలే ఉంటాయి. అవన్నీ వెనక్కి వెతుక్కుంటూ పోతే ఒక మూలకు చేరతాయి. ఆ ఇరుసు లావు తగ్గి సన్నబడే చోట మలుపు గుండ్రంగా ఉండాలి. తయారుచేసినవాళ్ళు పదునుగా చెక్కేశారు. పడిన బరువంతా ఆ మూలకే వెళ్ళి చేరింది. పైగా మా ఇంట్లో బియ్యం బస్తా వచ్చినా ఆ స్కూటరే, గ్యాస్ బండ వచ్చినా ఆ స్కూటరే, అమ్మా నేనూ కలిసి ఎక్కినా ఆ స్కూటరే. నాన్న అవునన్నట్టు తల ఊపారు.

స్వప్న మళ్ళీ లేచింది. ఈసారి ముఖం మామూలుగా ఉంది.

“గట్లయితే తప్పు ఇరుసుది గాదా మేడమ్?”

“మా పనిలో ఏదైనా విరిగితే, అది ఎంత బలహీనమైనదని మొదట అడగం. దాని మీద ఎంత బరువు వేశారు, ఎన్నిసార్లు వేశారు, ఆ మూలను అంత పదునుగా ఎవరు చెక్కారు అని అడుగుతాం. అవన్నీ అయ్యాక, ఎప్పుడో చివర్లో ఇనుము దాకా వస్తాం. మనుషుల సంగతి నాకు తెలియదమ్మా. ఇనుముకు మాత్రం ఆ న్యాయం చేస్తాం.”

ఆ అమ్మాయి కూర్చుని నోట్సులో ఏదో రాసుకుంది. తర్వాత పొడుగాటి అబ్బాయి, లక్షలమంది రాసే పరీక్షకు పిడికెడు పోస్టులు పెట్టినోళ్ళ డిజైన్‌ను ఏ ల్యాబ్‌లో కోసి చూడాలె మేడమ్ అని అడిగాడు. హాలు మళ్ళీ నవ్వింది. ఈసారి నేనూ నవ్వాను.

కిందికి దిగాక మా అందరికీ చాయ్ ఆ పిల్లలే ఇప్పించారు. స్వప్న గ్లాసు పట్టుకుని నా పక్కనే నిలబడింది. సంచీ సర్దిపెట్టుకుందట. మర్నాడు వాళ్ళన్న వచ్చి ఇంటికి తీసుకుపోతాడట. వెళ్ళాక ఇక ఎవరికీ ముఖం చూపించకూడదని అనుకుందట. ఇప్పుడు మాత్రం ఊరికి పోయి ఒక నెల పుస్తకం ముట్టకుండా అమ్మతో పత్తిచేనుకు పోతానని, తర్వాత సంగతి తర్వాతని చెప్పింది. నా మాటలు అంత పనిచేశాయా అని లోపల పొంగిపోతుంటే, ఆమె నెమ్మదిగా నన్ను నేల మీదికి దించింది.

“మీ స్పీచుతోని గాదు అక్కా. నవ్విన కద, దాంతోని. రెండేండ్ల సంది నేను గట్ల నవ్వలే.”

వినగానే నా మనసు కాస్త చివుక్కుమన్న మాట నిజమే. కానీ నా ఉపన్యాసాలకు ఇప్పటిదాకా వచ్చిన ప్రశంసలన్నీ ఒకవైపు, ఈ మాట ఒకవైపు పెట్టి, నీకేది కావాలని ఎవరైనా అడిగితే నేను ఈ మాటే తీసుకుంటాను.

స్వప్న ఆ తర్వాత తిరిగొచ్చింది. వేరే పరీక్ష రాసింది. ఇప్పుడు ఒక మున్సిపల్ ఆఫీసులో పనిచేస్తోంది. నేను నర్సింహన్న హాల్లో మాట్లాడటం మానలేదు. నెలకోసారి వెళ్ళి, కుక్కర్ ఎందుకు పేలదో, బస్సు అద్దం పగిలితే పలుకులు పలుకులుగానే ఎందుకు రాలుతుందో చెబుతాను. నాకు అర్థమయ్యేలా మాట్లాడటం నేర్పింది ఆ హాలే. అర్థం కాకపోతే ఆ పిల్లలు మొహమాటపడరు. “ఏం సమజైతలేదు మేడమ్, మళ్ల చెప్పున్రి” అంటారు. మళ్ళీ చెబుతాను. మూడోసారికి నాకే కొత్తగా అర్థమవుతుంది. ఏ విశ్వవిద్యాలయమూ నాకు అంత ఓపిగ్గా పాఠం చెప్పలేదు. పోస్టర్లు మాత్రం స్వప్న చూసి సరేనంటేనే గోడ మీదికి ఎక్కుతాయి.

చివరగా ఒక ప్రతిజ్ఞ. ఇలాంటివి బహిరంగంగా చేస్తేనే నిలబడతాయని, ఇది అచ్చుకు ఇచ్చే ముందు ఎంతో గంభీరంగా ఇలా రాసుకున్నాను. ‘డాక్టర్ పద్మజ అనే నేను, సకల లోహాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా ప్రాణం ఉన్నంతవరకు నట్టును గానీ, బోల్టును గానీ, ఇరుసును గానీ “అతను” అనను. ఎంతటి ఆవేశం వచ్చినా “అది” అని మాత్రమే అంటాను.’

అలవాటు ప్రకారం స్వప్నకు ఫోన్ చేసి చదివి వినిపించాను. వినగానే తప్పు పట్టింది.

“అక్కా, ‘అది’ అంటే మా ఊళ్ళె ఆడివిల్ల అనుకుంటరు. ఈసారి చెల్లెను కోసిన్రంటరు.”

అందుచేత ప్రతిజ్ఞ సవరించడమైనది. ఇకమీదట ఇరుసును ఇరుసు అనే అంటాను, ఒక్క వాక్యంలో పదిసార్లు అనాల్సి వచ్చినా సరే.